టౌన్ సెంటర్ ఆగకూడదు

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో కొత్త ఆటగాళ్ల ఓటములన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ముప్పయ్యో నిమిషంలో ప్రత్యర్థి గుర్రపు దళం ఊరి మీద పడుతుంది. ఈటెగాళ్లు చాలరు. గోడ కూలుతుంది, పొలాల్లో పనిచేసేవాళ్లు చెల్లాచెదురవుతారు. సైన్యాన్ని సరిగా నడపలేకపోయానని ఓడినవాడు బాధపడతాడు, మర్నాడు యూట్యూబ్‌లో యుద్ధ విన్యాసాల వీడియోలు వెతుక్కుంటాడు. కానీ ఆట రికార్డింగ్‌ను మొదటి నుంచీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ గుర్రాలు రావడానికి ఇరవై నిమిషాల ముందే, పనివాళ్లను పుట్టించే అతని టౌన్ సెంటర్ రెండు నిమిషాల పాటు పనీపాటా లేకుండా ఆగిపోయి ఉంది.

లెక్క వేసి చూడొచ్చు. టౌన్ సెంటర్ ఒక విలేజర్‌ను, అంటే పనివాణ్ణి, తయారు చేయడానికి 25 సెకన్లు పడుతుంది, 50 ఆహారం ఖర్చవుతుంది. రెండు నిమిషాలు ఆగితే ఐదుగురు తగ్గినట్టే. తొలి దశలో ఒక్కో విలేజర్ నిమిషానికి సుమారు 20 చొప్పున ఆహారమో కలపో బంగారమో తెస్తాడు. ఐదుగురి వెనుకబాటు అలాగే కొనసాగితే పది నిమిషాల్లో లోటు వెయ్యికి చేరుతుంది. ఒక నైట్‌కు, అంటే గుర్రపు యోధుడికి, 60 ఆహారం, 75 బంగారం కావాలి. ఆ వెయ్యితో ఏడుగురు నైట్లు వస్తారు. ప్రత్యర్థి వైపు మొగ్గిన యుద్ధంలో తేడా చాలాసార్లు ఆ ఏడుగురే.

ఈ సెకన్లు ఆటలోని గడియారానివి. ర్యాంకింగ్ పోటీల్లో ఆట 1.7 రెట్ల వేగంతో నడుస్తుంది కాబట్టి ఆ 25 సెకన్లు గోడ గడియారంలో 15 మాత్రమే. పదిహేను సెకన్లకోసారి గుర్తుంచుకోవాల్సిన ఒకే ఒక్క పని, అదీ అరగంట పాటు. కొత్తవాడికి ఇంతకంటే విలువైన పాఠం మరొకటి లేదు.

ఎన్సెంబుల్ స్టూడియోస్ తయారు చేయగా మైక్రోసాఫ్ట్ 1999లో విడుదల చేసిన ఆట ఇది. 2000 తర్వాతి దశకంలో మన ఇంటర్నెట్ సెంటర్లలో, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో లాన్ మీద ఆడినవాళ్లకు పాత నేస్తం. ఆ స్టూడియో 2009లో మూతపడింది, ఆట మాత్రం బతికింది. అభిమానులు సొంతంగా కొత్త నాగరికతలు చేర్చి ఒక మాడ్ తయారు చేసుకున్నారు. ఆ బృందమే తర్వాత ఫర్గాటెన్ ఎంపైర్స్ అనే సంస్థగా మారి, 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌కు పనిచేసింది. పాతికేళ్లు దాటినా పోటీలు ఆగలేదు. 2022 అక్టోబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో రెడ్‌బుల్ వొలోలో పోటీలు జరిగాయి. ఇన్నేళ్లలో ఆటగాళ్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ కూడబెట్టిన విద్య ఒకటి స్థిరపడింది. కొత్తగా వచ్చేవాడు దాన్ని మొదటి నిమిషం నుంచే నేర్చుకోవాలి.

ఆ మొదటి నిమిషంలో చాలా ఉంది. కొన్ని నాగరికతలను మినహాయిస్తే అందరి చేతిలోనూ ఒకటే సరంజామా: ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, ఒక గుర్రపు స్కౌట్, 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి. టౌన్ సెంటర్ ఐదుగురికే చోటిస్తుంది, అప్పటికే నలుగురున్నారు. మరొక్కరు పుడితే జాగా నిండిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు ఆట తెరుచుకోగానే విలేజర్లను క్యూలో పెట్టి, ఆ ఊపులోనే ఇద్దరితో ఒక ఇల్లు, మూడోవాడితో మరో ఇల్లు కట్టిస్తారు. ఇంటికి 25 కలప, ఐదుగురికి చోటు. ఇల్లు కట్టడం మరిచి ఉత్పత్తి ఆగిపోవడాన్ని ఆటగాళ్లు ‘హౌస్డ్’ అంటారు. టౌన్ సెంటర్ ఆగిపోయే కారణాల్లో కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

రెండో కారణం ఆహారం చాలకపోవడం. ఇక్కడే గొర్రెల కథ, అడవిపంది కథ వస్తాయి.

గొర్రెలను టౌన్ సెంటర్ గోడకు ఆనుకునే కోయాలి. దూరంగా కోస్తే మాంసం మోసే నడకకే సమయం పోతుంది. ఒక్కొక్కటిగానే కోయాలి, ఎందుకంటే కోసిన మాంసం నెమ్మదిగా కుళ్లిపోతూ ఉంటుంది. ఒక గొర్రె 100 ఆహారమిస్తే ఒక అడవిపంది 340 ఇస్తుంది. దగ్గరలో సాధారణంగా రెండు పందులుంటాయి. కాకపోతే పంది తిరగబడుతుంది. విలేజర్ ప్రాణం 25 పాయింట్లు. టౌన్ సెంటర్‌లో 50 బంగారం పెట్టి లూమ్ అనే మెరుగుదల చేయిస్తే 40 అవుతుంది. పద్ధతి ఏమిటంటే, ఒక్క విలేజర్ వెళ్లి బాణం తగిలించి వెనక్కి పరుగెత్తాలి. పంది వెంటపడుతుంది. టౌన్ సెంటర్ కింద గొర్రె దగ్గరున్నవాళ్లు పంది చేరువకు రాగానే అందరూ కలిసి దాన్ని కొట్టాలి. ముందే కొడితే మాంసం దూరంలో పడుతుంది. ఆలస్యమైతే పరుగెత్తినవాడు చస్తాడు. కొత్తవాళ్లలో చాలామంది ఈ భయంతో పందుల జోలికే పోరు. అలా వదిలేసిన రెండు పందుల్లో 680 ఆహారం ఉంది. ఆటలో తర్వాతి దశ అయిన ఫ్యూడల్ యుగంలోకి వెళ్లే ఖర్చు 500. ఒంటరిగా ఒక మ్యాప్ తెరిచి, పోటీ లేకుండా ఈ ఒక్క పనినే ఒక సాయంత్రమంతా చేసినవాడికి ఆ భయం పోతుంది. ఒక్కో మెలకువను విడిగా తీసి సాధన చేయడమంటే ఇదే.

బిల్డ్ ఆర్డర్ అనే మాట వినగానే కొందరు బెదిరిపోతారు, ఏదో పెద్ద పట్టికను బట్టీ పట్టాలేమోనని. నిజానికి అది పుట్టిన విలేజర్‌ను ఎక్కడికి పంపాలో ముందే తీర్చి పెట్టుకున్న వరుస. మొదటి ఆరుగురు గొర్రెలకు, తర్వాత నలుగురు కలపకు, ఆ తర్వాతివాడు పందికి, ఇంకో నలుగురు బెర్రీ పొదలకు. ప్రచారంలో ఉన్న వరుసల్లో ఇదొకటి. ముందే నిర్ణయమైపోయింది కనుక ఆ క్షణంలో ఆలోచించే భారం ఉండదు, మనసు వేరే చోట పెట్టవచ్చు. కొత్తవాడు ఇలాంటిది ఒక్కటే ఎంచుకుని, కనీసం కొన్ని వారాలు దాన్నే పట్టుకోవాలి. రోజుకో నాగరికతతో రోజుకో వరుస ప్రయత్నించేవాడికి తప్పు ఎక్కడ జరిగిందో ఎప్పటికీ తెలియదు.

ఆ వరుసతో తనను తాను కొలుచుకోవడమూ సులువే. జనాభా 22కు చేరగానే ఫ్యూడల్ బటన్ నొక్కడం కొత్తవాళ్లకు చెప్పే మామూలు పద్ధతి. అందులో ఒకటి స్కౌట్. మిగిలిన 21 మందిలో ముగ్గురు మొదటి నుంచీ ఉన్నవాళ్లే. తయారు చేయాల్సింది 18 మందిని: 450 సెకన్లు. లూమ్‌కు మరో 25. అంతా కలిపి 7 నిమిషాల 55 సెకన్లు. అదే జనాభాతో ఒకరు పదకొండో నిమిషంలో నొక్కితే మూడు నిమిషాలు టౌన్ సెంటర్ ఆగిందని రికార్డింగ్ చూడకుండానే చెప్పవచ్చు. గురువు లేనివాడికి ఈ ఒక్క అంకె గురువంత పని చేస్తుంది.

వేళ్ల వేగం అక్కర్లేదని కాదు. టౌన్ సెంటర్‌ను ఎంచుకునే మీట, విలేజర్‌ను పుట్టించే మీట, ఖాళీగా నిలబడ్డ విలేజర్ దగ్గరికి తీసుకెళ్లే మీట: ఈ మూడు హాట్‌కీలు ఎడమ చేతికి పట్టుబడితే మౌస్‌తో తెర అంతా గాలించే అవస్థ తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం చూపు తిరిగే క్రమం. రాత్రి నీళ్లు వదిలిన రైతు ఏ మడి దగ్గరా నిలబడిపోకుండా గట్ల మీద చుట్టివచ్చినట్టు, ఆటగాడి చూపు టౌన్ సెంటర్, ఇళ్లు, నిల్వలు, చిన్న మ్యాప్, మళ్లీ టౌన్ సెంటర్ అంటూ తిరుగుతూ ఉండాలి. కొత్తవాడి చూపు సాధారణంగా యుద్ధం దగ్గర చిక్కుకుపోతుంది. నలుగురు విలుకాళ్లను కాపాడుకునే తాపత్రయంలో నిమిషం గడిచిపోతుంది. ఆ నిమిషంలో పుట్టాల్సిన ఇద్దరు విలేజర్లు పుట్టరు, వెనకాల 600 కలప ఊరికే పడి ఉంటుంది. తొలినాళ్లలో ఆ నలుగురు విలుకాళ్లు పోయినా ఫర్వాలేదు.

ఆర్థికం కుదుటపడ్డాక స్కౌట్ విలువ తెలుస్తుంది. ప్రత్యర్థి గుర్రపుశాల కట్టాడని కంటపడితే ఈటెగాళ్లు కావాలి, విలుకాళ్ల శాల కట్టాడని తెలిస్తే స్కర్మిషర్లు కావాలి. ఈటెగాడికి 35 ఆహారం, 25 కలప. స్కర్మిషర్‌కు 25 ఆహారం, 35 కలప. రెండింటికీ బంగారం అవసరం లేదు. మ్యాప్ మీద బంగారు గనులు పరిమితం, తవ్వేకొద్దీ అయిపోతాయి. అందుకే సుదీర్ఘమైన ఆటల చివర్లో ఈ చౌక సైనికులదే రాజ్యం. స్కౌట్‌ను ఆట తనంతట తానే తిప్పే సదుపాయం డెఫినిటివ్ ఎడిషన్‌లో ఉంది. మొదటి పది ఇరవై ఆటలకు దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. తర్వాత మానేయాలి, ఎందుకంటే ప్రత్యర్థి ఊరిని ఏ నిమిషంలో చూడాలో ఆ యంత్రానికి తెలియదు.

సాధనకు మెట్లు కూడా ఈ ఎడిషన్‌లోనే ఉన్నాయి. ‘ఆర్ట్ ఆఫ్ వార్’ అనే పాఠాల్లో ఆర్థికం, కోట యుగానికి త్వరగా చేరడం, తొలి దాడిని కాచుకోవడం వంటివి విడివిడిగా ఇచ్చి, ఫలితాన్ని బట్టి పతకాలిస్తారు. 1999 నాటి ఆటలో కంప్యూటర్ ప్రత్యర్థికి గరిష్ఠ స్థాయిలో వనరులు అదనంగా అందేవి. కొత్త కంప్యూటర్ ప్రత్యర్థి ఆ మోసం లేకుండానే ఆడుతుంది కాబట్టి దాని మీద గెలుపు నిజమైన గెలుపే. ఆ తర్వాత మనుషులతో ర్యాంకింగ్ ఆటలు. అందరికీ 1000 రేటింగ్‌తో మొదలవుతుంది. వరుసగా ఓడి 700కు, 800కు జారడం సహజం, అందులో నామోషీ ఏమీ లేదు. రేటింగ్ స్థిరపడ్డాక తనంతటివాళ్లే ఎదురవుతారు, రెండు ఆటల్లో ఒకటి గెలుపు.

వయసు మీద పడిందని వెనకాడేవాళ్లకు ఒక పరిశోధన ఆసక్తికరం. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వారు ఇదే కోవకు చెందిన ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ ఆడే 16 నుంచి 44 ఏళ్ల వయసున్న 3,305 మంది రికార్డింగ్‌లు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొత్త దృశ్యం కంటబడ్డాక స్పందించే వేగం 24 ఏళ్ల ప్రాంతం నుంచే తగ్గుతుందని తేలింది. అయితే పెద్దవాళ్లు హాట్‌కీల వంటి సదుపాయాలను బాగా వాడుకుని, ఆటను సరళం చేసుకుని ఆ లోటును పూడ్చుకుంటున్నారనీ అందులో ఉంది. టౌన్ సెంటర్‌ను ఆగనివ్వకపోవడం అలాంటి విద్యే. దానికి కుర్రతనపు వేగం అక్కర్లేదు.

ఈ సంప్రదాయంలో మెచ్చుకోవాల్సిన గుణం, తెలిసినవాళ్లు దాచుకోకపోవడం. ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడైన కెనడా యువకుడు హెరా తన పద్ధతులను వీడియోల్లో విడమరిచి చెబుతాడు. చాలా ఏళ్లు శిఖరాన నిలిచిన నార్వే ఆటగాడు ద వైపర్ ఆడుతూనే తన ఆలోచనను బయటికి వినిపిస్తాడు. వ్యాఖ్యాత టీ90 అయితే ‘లో ఈలో లెజెండ్స్’ పేరుతో అట్టడుగు రేటింగ్ వాళ్ల ఆటలనే ఎంచుకుని, ఫైనల్ మ్యాచ్‌కు ఇచ్చినంత ఉత్సాహంతో వ్యాఖ్యానం చెబుతాడు. తడబడుతూ ఆడే ఆటలోనూ సాహసం, పంతం, ఊహించని మలుపు ఉంటాయని వేలమందికి చూపించడం చిన్న సేవ కాదు.

తెలుగువాళ్లకు నేర్చుకోవడానికి అనువైన నాగరికత కూడా ఇందులో ఉంది. 2022లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’తో ద్రవిడులు చేరారు. వారి కథానాయకుడు రాజేంద్ర చోళుడు, రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన రాజరాజ నరేంద్రుడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. నన్నయ్య ఎవరి ఆస్థానంలో భారతం మొదలుపెట్టాడో తెలిసినవాళ్లకు ఈ ఆటలో రాజేంద్రుడు పరాయివాడిగా అనిపించడు. ఆట పరంగా చూస్తే, ద్రవిడులకు కొత్త యుగంలో అడుగుపెట్టిన ప్రతిసారీ 200 కలప ఉచితంగా వస్తుంది. పొలం వేయడానికి 60 కలప కావాలి. ఫ్యూడల్‌లో అడుగుపెట్టగానే మూడు పొలాలు వేసుకోవచ్చు, ఆహారం చాలక టౌన్ సెంటర్ ఆగే గండం అక్కడ తప్పుతుంది. గుర్రపు దళం బలహీనం, నైట్లు లేనే లేరు కనుక కాల్బలంతో ఆడటం నేర్చుకోవాలి.

1000 రేటింగ్‌ను నిలకడగా దాటినవాడి ఓటములు వేరే చోట మొదలవుతాయి. కోట యుగంలో 275 కలప, 100 రాయి పెడితే మరో టౌన్ సెంటర్ కట్టవచ్చు. చాలామంది రెండు అదనంగా కడతారు. అప్పుడు 25 సెకన్లకు ఒకరు కాదు, ముగ్గురు పుట్టాలి, 150 ఆహారం సిద్ధంగా ఉండాలి, ప్రతి నిమిషానికీ ఒకటి రెండు ఇళ్లు లేవాలి. అదే సమయంలో ప్రత్యర్థి నైట్లు కలప కొట్టేవాళ్ల మీదికి వస్తుంటారు. ఎప్పుడు మూడో టౌన్ సెంటర్ కట్టాలి, ఎప్పుడు ఆ కలపతో సైనికశాల కట్టాలి అన్న తర్కం అక్కడి నుంచి మొదలవుతుంది. మంచి ఆటగాళ్ల మధ్య కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు.