కరెంటు శ్రుతి

"కాళ్ల కింద పరిచిన బండ కదిలినట్టుందప్పా నీ వాయింపు" అన్నాడు మామ. ఏకాదశి భజనకు నేను మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ తీసుకుపోయిన రాత్రి అది. ఆయన హార్మోనియం ముందు కూర్చుని పాడుతుంటే, రామాలయం అరుగు మీద చిన్న ఆంప్లిఫయర్ పెట్టుకుని నాకు వచ్చిన కార్డులన్నీ వరసగా దించేశాను. కొలిమిగుండ్లలో బండ అంటే నాపరాయి. నేలా అదే, గోడా అదే, పాత ఇళ్లకు కప్పూ అదే. అది కదిలిందని మామ అన్నాడంటే చిన్న తిట్టు కాదు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మామది రెండు శ్రుతి. అంటే హార్మోనియం మీద డి మెట్టు. భజన మొత్తం ఆ ఒక్క షడ్జం మీద నిలబడి ఉంటుంది. నేను కార్డు మార్చినప్పుడల్లా దాన్ని కింద నుంచి లాగేస్తున్నాను. తప్పు కొంత నాది, కొంత నేను నేర్చుకున్న గిటార్ శ్రుతిది.

గిటార్ కొనగానే అందరం పెట్టుకునేది ఇ-ఎ-డి-జి-బి-ఇ. తీగకూ తీగకూ మధ్య స నుంచి మ అంత దూరం. జి, బిల మధ్య మాత్రం స నుంచి గ అంత. చేతిని పెద్దగా జరపకుండా కార్డులు పట్టుకోవడానికి ఇంత తెలివైన ఏర్పాటు మరొకటి లేదనుకుంటాను. కాకపోతే ఒట్టి తీగలను ఒక్కసారి మీటి చూడండి. ఎవరో సంచి సర్దుతూ మధ్యలో లేచిపోయినట్టుంటుంది. అందులో ఇల్లు అనదగ్గ స్వరం లేదు.

మన దగ్గర శ్రుతి కుదరకుండా ఎవరూ మొదలుపెట్టరు. డప్పు కొట్టేవాళ్లు ముందు మంట వేసి తోలును కాస్తారు. మృదంగం వాయించేవారు తొప్పికి రవ్వముద్ద అద్ది గుమికీని దించుకుంటారు. తంబూరాలో మామూలుగా ప-స-స-స పలికే తీగల్లో, పంచమం లేని రాగం వస్తే మొదటిదాన్ని మధ్యమానికి మారుస్తారు. రాగాన్ని బట్టి వాద్యాన్ని మార్చుకోవడం ఇంత మామూలు విషయమైన చోట పుట్టి, నేను మాత్రం పదిహేనేళ్లు గిటార్ బిరడాలను ఎవరో సీలు వేసినట్టు ముట్టుకోకుండా కూర్చున్నాను.

ముట్టుకున్న రోజు జరిగింది చెబుతాను. పుస్తకంలో 'ఓపెన్ జి' అని చూసి ఆరో తీగను ఇ నుంచి డికి, ఐదో తీగను ఎ నుంచి జికి, ఒకటో తీగను మళ్లీ డికి దించాను. మిగతా మూడూ అలాగే ఉంచాను. వేళ్లు పెట్టకుండా పైనుంచి కిందికి మీటాను. డి-జి-డి-జి-బి-డి. జి షడ్జం అనుకుంటే ప-స-ప-స-గ-ప. మొదటి నాలుగు తీగల దగ్గర చెయ్యి ఆగిపోయింది. అనుమంద్రం, మంద్రం, పంచమం, సారణి! వీణ మీద వాయించే నాలుగు తీగల శ్రుతి అచ్చంగా ఇదే వరస. రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ 1960ల చివర్లో ఈ శ్రుతినే పట్టుకుని, ఆరో తీగ అడ్డమని పీకేసి, ఐదు తీగలతోనే 'స్టార్ట్ మీ అప్', 'బ్రౌన్ షుగర్' లాంటి పాటలు వాయించాడు. హవాయిలో తీగలు దించి వాయించే గిటార్ సంప్రదాయానికీ ఇది సొంత శ్రుతే. అక్కడ దీన్ని చేమదుంపల మడి పేరుతో పిలుస్తారు. ఇది ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్న వరస అని వెతకడం నాకు దండగ అనిపిస్తుంది. తీగ కట్టినవాడికి ఎప్పుడో ఒకప్పుడు స, ప దొరుకుతాయి.

ఇక్కడ పాలకొల్లు శ్రీనివాస్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్ చేతపట్టిన పిల్లాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు ఆ వాద్యం రాదు. ఆయన పాడితే విని ఈయన తీగల మీద వెతుక్కున్నాడు. నాలుగు జంట తీగల వాద్యం గమకానికి లొంగకపోతే జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ చేయించుకున్నాడు. 1969లో పుట్టి 2014లోనే పోయాడు. పాటను వాద్యానికి వంచాలి గాని వాద్యాన్ని పాటకు కాదని ఎవరైనా నాతో వాదిస్తే, ఆయన కచేరీ ఒకటి పెట్టి నేను మాట్లాడకుండా ఊరుకుంటాను.

తీగ దించడం ఊరికే రాదు మరి. ఇ నుంచి డికి దించితే బిగువులో ఐదో వంతు పోతుంది. తీగ ఎండకు వేలాడే బట్టల తాడవుతుంది. గట్టిగా నొక్కితే స్వరం పైకి జారుతుంది. అందుకని కొంచెం లావు తీగలు వేయాలి. నా మొదటి గిటార్ స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జిది, ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్నది. మూడు తీగలు దించేసరికి స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగి మిగతా మూడింటినీ పెంచేశాయి. వాటిని సర్దితే ఇవి చెడ్డాయి. ఓ మధ్యాహ్నమంతా అలా గడిచాక చెక్కముక్క అడ్డం కొట్టి దాని నోరు మూయించాను. నట్టు గాళ్లలో తీగ పట్టేసి టిక్కుమంటుంటే పెన్సిల్ ముల్లు రుద్దితే సరిపోయింది. మే నెల సంగతి వేరు. ఇంట్లో పెట్టిన శ్రుతి అరుగు మీదికి వచ్చేలోగా వేడికి సాగి దిగిపోతుంది.

హెవీ మెటల్ గిటారిస్టు టోనీ అయోమీ కథ ఈ బిగువుదే. ఇంగ్లండులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 1965లో మిషన్ కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. తర్వాత తీగలు నొప్పి పెట్టకుండా ఉండాలని దించుకుంటూ పోయి, 1971 ఆల్బమ్‌లో మూడు అరస్వరాలు కిందికి దిగాడు. హెవీ మెటల్ బరువులో కొంత ఆ గాయానిది. బండలు కోసే మిషన్ల మధ్య పెరిగిన నాకు ఆ చెయ్యి కళ్ల ముందు కనిపిస్తుంది.

ఓపెన్ జిలో రెండో తీగ దగ్గర ఇంకో పేచీ. అది గాంధారం. ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగేదాకా తిప్పి, ఆంప్లిఫయర్‌లో డిస్టార్షన్ పెంచితే స, ప నిండుగా మోగుతాయి, గ మాత్రం పంటి కింద ఇసుకలా గరగరమంటుంది. తంబూరాలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఉంది చూడండి, పచ్చ లైటు గాంధారం దానికంటే ఎక్కువగా ఉంటుంది. తేడా అరస్వరంలో ఏడో వంతు. బిరడాను వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే ఆ ఇసుక పోతుంది. లైటు ఎర్రబడుతుంది, పడనివ్వండి.

మా మండలంలోనే ఉన్న బెలుం గుహల్లో సప్తస్వరాల గుహ అని ఒకటుంది. వేలాడే సున్నపురాయిని వేలి కణుపుతో తడితే లోహంలా మోగుతుంది. మూడు వేల మీటర్లకు పైగా సాగే ఆ గుహల్లో నాకు ఇష్టమైన చోటు అదే. దానికి బిరడాలు లేవు, నీరు చుక్క చుక్కగా ఎలా కడితే అలా పలుకుతుంది. అక్కడినుంచి వచ్చిన ప్రతిసారీ గిటార్ పట్టుకుంటే నా చేతిలో ఉన్న ఆరు బిరడాలు పెద్ద ఆస్తిలా కనిపిస్తాయి.

ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న ఆంప్లిఫయర్ హోరు సంగతి ఈ మధ్యే తేలింది. మన కరెంటు 50 హెర్ట్జ్. హోరులో అదీ, దాని రెట్టింపు 100 వినిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే గుంయ్‌మనేదీ ఆ 100నే. గిటార్ మీద మంద్ర జి 98. అరస్వరంలో మూడో వంతు తేడా, అంతే. మామ రెండు శ్రుతికి ఈ హోరు మధ్యమమై భజన పొడవునా ఎందుకు గుచ్చిందో అప్పుడు తెలిసింది. ఓపెన్ జిలో మాత్రం ఇదే షడ్జం. మొన్న ఆదివారం ఆరు తీగలనూ ఆ పిసరంత పైకి లాగి హోరుకు కలిపాను. తంబూరా దొరికింది! కళ్లు మూసుకుని గంటసేపు వాయించాను.

సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. తంబూరా పోయింది, గిటార్ గొంతు పోయింది, వీధి చివర పాలిష్ మిషన్లు కూడా ఆగాయి. చీకట్లో గడప దగ్గర మామ గొంతు వినబడింది.

"ఏం అల్లుడూ, ఇప్పుడైనా నా రెండుకు తిప్పుతావా?"

ఐదో తీగను ఎకు పైకి, మూడూ రెండూ కిందికి, మిగిలినవి ఓ పిసరు వెనక్కి. తడుముకుంటూ తిప్పుతున్నాను. ఆయన హార్మోనియం తెచ్చుకుని డి మెట్టు నొక్కి పట్టుకున్నాడు.