మూత రాని ఫోన్లు

కొత్త ఫోన్ విడుదలైన వారం వచ్చే రివ్యూలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. కెమెరా రాత్రిపూట ఎలా తీస్తుంది, స్క్రీన్ ఎండలో కనిపిస్తుందా, గేమ్ ఆడితే వేడెక్కుతుందా, సున్నా నుంచి నూరు శాతానికి ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది. రివ్యూ రాయడమనే పనిలోనే ఉన్న ఇబ్బంది ఇది. మా చేతికొచ్చేది సీలు విప్పని పెట్టె. దాన్ని పరీక్షించేది వారం పది రోజులు. అప్పటికి లోపలున్న ప్రతి భాగమూ కొత్తదే, దేనికీ అరుగుదల లేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు మాత్రం మూడేళ్లో నాలుగేళ్లో దానితో నెట్టుకురావాలి. మూడో ఏడు ఎలా గడుస్తుందన్నది కెమెరా చేతిలోనూ ప్రాసెసర్ చేతిలోనూ ఉండదు. ఫోన్‌లో వాడేకొద్దీ అన్నిటికన్నా ముందు తరిగిపోయే ముఖ్యభాగం బ్యాటరీ. టైరు అరిగిందని ఎవరూ బైకు అమ్ముకోరు. ఫోన్ల దగ్గర మాత్రం అదే జరుగుతోంది, జరిగేలా వాటిని తయారు చేస్తున్నారు కూడా. కాబట్టి ఫోన్ కొనేవాళ్లయినా, దాని గురించి రాసేవాళ్లయినా మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే అంటాను: దీని బ్యాటరీ మార్చాలంటే ఎవరు మార్చగలరు, ఎంతవుతుంది?

తరుగుదల ఎందుకొస్తుందో కొంచెం చూడాలి. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి కూర్చుంటాయి, ఫోన్ వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో ప్రతిసారీ కాసింత లిథియం గ్రాఫైట్ మీద పేరుకునే పలుచటి పొరలో చిక్కుకుపోతుంది, ఇక పనికి రాదు. పొర మందమయ్యేకొద్దీ నిలవ ఉండే ఛార్జి తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన బ్యాటరీని ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజీ పడిపోతుంది. పాత ఫోన్ 20 శాతం చూపిస్తూనే, కెమెరా తెరవగానే టప్పున ఆరిపోవడం అందుకే. ఈ అరుగుదలను వేడి ఇంకా తొందరపెడుతుంది. తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో విజయవాడలోనో 45 డిగ్రీల దగ్గర, బైకు హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంకు వైరు తగిలించుకుని తిరిగే డెలివరీ కుర్రాడి సంగతేమిటి? ప్రయోగశాలలో గది ఉష్ణోగ్రత దగ్గర లెక్కగట్టిన ఛార్జింగ్ సైకిళ్లు అతనికి ఏపాటి వర్తిస్తాయి?

ఆ లెక్కలు కూడా చూద్దాం. 500 సార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక 80 శాతం సామర్థ్యం మిగులుతుందని చాలాకాలం చెప్పిన ఆపిల్, ఐఫోన్ 15 నుంచి దాన్ని 1000కి పెంచింది. రోజుకో సైకిల్ చొప్పున 1000 అంటే మూడేళ్లకు కాస్త తక్కువ. మరోపక్క 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి సామ్‌సంగ్ ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. మేమందరం చప్పట్లు కొట్టాం, కొట్టదగ్గదే. కానీ మూడేళ్లకు నీరసించే బ్యాటరీని లోపల అతికించి ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ ఇస్తే చివరి నాలుగేళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి? గూగుల్ 2025లో తెచ్చిన పిక్సెల్ 9ఏలో జవాబు కొంత దొరుకుతుంది. 200 సైకిళ్లు దాటినప్పటి నుంచి 1000 దాకా సాఫ్ట్‌వేరే దశలవారీగా బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీని తగ్గిస్తూ వస్తుంది. వాడేవాళ్లు వద్దనుకున్నా దాన్ని ఆపే వీలు లేదు. బ్యాటరీ ఆరోగ్యం కోసమే అంటారు, సాంకేతికంగా అందులో అబద్ధమేమీ లేదు. అయితే మార్చుకోవడానికి సులువుగా ఉన్న బ్యాటరీ విషయంలో ఇంత జాగ్రత్త పడాల్సిన అవసరం ఏ ఇంజినీరుకూ రాదు.

బ్యాటరీకీ ఫోన్ అమ్మకాలకూ ఉన్న బంధాన్ని అమ్మేవాళ్ల నోటే విన్న సందర్భం ఒకటుంది. పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. గోల పెద్దదైంది. క్షమాపణ చెప్పి, 2018 అంతా అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. జనం బారులు తీరారు. ఏడాది తిరిగి 2019 జనవరిలో, ఆదాయం అంచనా కన్నా తగ్గుతోందంటూ ఆపిల్ సీఈవో హోదాలో టిమ్ కుక్ మదుపరులకు లేఖ రాశారు. చైనా మందగమనమే అందులో ప్రధాన కారణం. కానీ కొత్త ఐఫోన్లకు మారేవాళ్లు తగ్గడానికి చెప్పిన కారణాల్లో చౌకగా దొరికిన బ్యాటరీ మార్పిడి కూడా ఉంది. ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఆ ఏడాది కొత్త బ్యాటరీ వేయించుకున్నవాళ్లలో చాలామందికి ఫోన్ మీద విసుగేమీ పుట్టలేదు, బ్యాటరీ మీద పుట్టింది. ఆ రెండింటినీ విడదీసే వీలు చవగ్గా దొరికేసరికి వాళ్లు పాత ఫోన్‌తోనే ఉండిపోయారు.

బ్యాటరీని విప్పుకునే వీలిస్తే జనం సందుల్లో దొరికే డూప్లికేట్లు వేసుకుని ఒంటికి నిప్పు తెచ్చుకుంటారు కదా అన్నది దీనికి వినిపించే మొదటి అభ్యంతరం. భయం నిజమైనదే, నాసిరకం సెల్స్ ప్రమాదకరమే. కానీ చరిత్ర చెప్పేది మరోలా ఉంది. నోకియా బీఎల్-5సీ గుర్తుందా? టార్చిలైటు ఉన్న 1100 నుంచి ఎన్నో మోడళ్లలో అదే బ్యాటరీ. అగ్గిపెట్టెకన్నా పలుచన, వేలితో మూత జరిపితే చేతిలో పడేది. ఇప్పటికీ చిన్న చిన్న స్పీకర్లలో, ఎఫ్ఎం రేడియోల్లో కనిపిస్తుంది. 2007లో ఒక తయారీదారు నుంచి వచ్చిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీలు ఛార్జింగ్‌లో వేడెక్కే అవకాశముందని నోకియా ప్రకటించింది. చేయాల్సిందల్లా బ్యాటరీ మీది నంబరు చూసుకుని, అది ఆ జాబితాలో ఉంటే కొత్తది తెచ్చుకోవడం. ఫోన్ ఫోన్‌లాగే ఉంది. తొమ్మిదేళ్లకు, 2016లో, సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 మంటలంటుకోవడం మొదలైంది. మూత రాని ఫోన్, కంపెనీ స్వయంగా పెట్టిన బ్యాటరీ. వెనక్కి తీసుకున్న ఫోన్లు పాతిక లక్షలు. బదులుగా ఇచ్చిన వాటికీ మంటలు తప్పలేదు, చివరికి ఆ మోడలే అటకెక్కింది. మూత బిగించడం వల్ల ప్రమాదం తగ్గలేదు, వచ్చిన ప్రమాదాన్ని సర్దుకునే ఖర్చు మాత్రం ఫోన్ మొత్తానికి పాకింది. పైగా డూప్లికేట్ల బజారు ఎందుకు నడుస్తుంది? అసలుది దొరకదు, దొరికినా ధర మండుతుంది కాబట్టి. అసలు బ్యాటరీ కిరాణా కొట్టు ఉన్న ప్రతి వీధిలో దొరికితే నకిలీని కొనేదెవరు?

రెండోది నీళ్ల వాదన. మూత తెరుచుకుంటే నీళ్లు దూరతాయంటారు. 2014 నాటి గెలాక్సీ ఎస్5 మూత తీసి బ్యాటరీ మార్చుకునే ఫోన్, దానికి నీటి నుంచి రక్షణకు ఐపీ67 ధ్రువీకరణ ఉంది. ప్లగ్గుల దగ్గర గోడకు అతుక్కుని కూర్చునే ఐఫోన్ వాడకందారులను వెక్కిరిస్తూ సామ్‌సంగ్ ఆ ఏడాది ప్రకటన కూడా తీసింది. మరుసటి ఏడాదే ఎస్6కి మూత బిగించేసి తానూ ఆ గోడ పక్కనే చేరింది. ఆ కంపెనీయే మనదేశంలో 2024లో విడుదల చేసిన ఎక్స్‌కవర్7ని చూడండి: వేళ్లతో ఊడే బ్యాటరీ, ఐపీ68. సంస్థల ఉద్యోగుల కోసం తయారుచేసిన మోడల్ అది. అంటే తయారు చేయడం చేతకాక కాదు. మూత ఉంటే ఫోన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు లావవుతుందన్న మాట నిజం, గాజు వెనకభాగం నిగనిగ కూడా తగ్గుతుంది. ఆ గాజు మీదికి అందరూ రబ్బరు కవరు తొడుక్కుంటారు కనుక ఈ నష్టానికి నేను పెద్దగా దుఃఖించలేను.

మరి మూత లేని ఫోన్‌లో బ్యాటరీ మార్చడమంటే ఏమిటి? హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట కాసేపు నిలబడితే తెలుస్తుంది. ముందు వెనక ప్యానెల్‌ను వేడి చేసి లోపలి జిగురును మెత్తబరచాలి. రబ్బరు కప్పు అంటించి లాగి, వెంట్రుకవాసి సందు దొరకగానే పలుచటి ప్లాస్టిక్ రేకు దూర్చి చుట్టూ తిప్పాలి. రేకు కాస్త లోతుకు పోతే ఏ రిబ్బనో తెగుతుంది. అడుగున బ్యాటరీ కూడా అతికించే ఉంటుంది. లాగే పట్టీ ఉంటే అదృష్టం, లేకుంటే స్పిరిట్ చుక్కలు పోసి నెమ్మదిగా పైకెత్తాలి. మెత్తటి సంచీ లాంటి ఆ సెల్ వంగినా, మొన తగిలినా లోపల షార్టయి పొగ వస్తుంది. అప్పటికే ఉబ్బి ఉన్న బ్యాటరీ అయితే మరీ జాగ్రత్త. చివర బీ-7000 గమ్ పూసి, క్లిప్పులు పెట్టి ఆరబెడతారు. ఇంత పనిని అరగంటలో ముగించే చేతులకు దండం పెట్టాలి. కానీ కంపెనీ నుంచి వచ్చిన నీటి రక్షణ ఆ తర్వాత మిగిలిందని ఏ మెకానిక్కూ హామీ ఇవ్వడు. నీళ్లు దూరకూడదని బిగించిన మూత వల్లే ఫోన్ మూడో ఏట నీటికి లోకువవుతుంది.

ఇప్పుడు 7000 ఎంఏహెచ్ బ్యాటరీలు వస్తున్నాయి, రెండ్రోజులకోసారి ఛార్జ్ చేస్తే చాలు, అరుగుదల సగమవుతుంది కదా అనేవాళ్లున్నారు. ఈ వాదనలో బలముంది. గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ కలపడంతో అదే చోటులో ఎక్కువ ఛార్జి పడుతోంది, సైకిళ్లు తగ్గుతాయి, వాడేవాళ్లకు మేలే. కాకపోతే బ్యాటరీ వాడకంతోనే కాక వయసుతోనూ, వేడితోనూ అరుగుతుంది. సిలికాన్‌కేమో లిథియం ఎక్కితే విపరీతంగా ఉబ్బే గుణం ఉంది. అందుకే దాన్ని కార్బన్‌తో కలిపి అదుపులో పెడుతున్నారు. ఈ రకం ఫోన్లు ఇంకా మన ఎండల్లో నాలుగైదేళ్లు నలగలేదు. ఎలాగూ అందరూ రెండేళ్లకు ఫోన్ మార్చేస్తారుగా అన్న మాట మాత్రం పెద్ద నగరాల్లో షోరూముల చుట్టూ తిరిగేవాళ్లది. మార్చేసిన ఫోన్ చెత్తబుట్టలోకి వెళ్లదు. అమ్మకో, ఇంటర్ చదివే తమ్ముడికో, సెకండ్ హ్యాండ్ బజారుకో వెళ్తుంది. దాని రెండో జీవితం మొదలయ్యేది అరిగిన బ్యాటరీతోనే.

చట్టాలు కదులుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఫోన్ బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం నిలవాలి, విడిభాగాలు ఏడేళ్లపాటు దొరకాలి. బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలన్న షరతూ ఉంది, దాని పక్కనే సందూ ఉంది. 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలిచి, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటే ఆ షరతు వర్తించదు. ఖరీదైన ఫోన్లు చాలావరకు ఆ సందులోంచి హాయిగా నడిచిపోతాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో తేల్చేందుకు వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. కంపెనీలు తమ మార్కులు తామే ప్రకటించి, పెట్టె మీద క్యూఆర్ కోడ్‌గా, దుకాణాల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో చూపాలన్నది అందులోని సూచన. అసలు లేనిదానికన్నా నయమే. కానీ ఆ మార్కులు బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా, స్పీకర్, ఛార్జింగ్ పోర్టు అన్నీ కలిపి వేసేవి. స్పీకర్ సులువుగా మారుతుందన్న పుణ్యంతో జిగురులో మునిగిన బ్యాటరీ కూడా పాసైపోవచ్చు. స్పీకర్ పోయేది కొందరికే, బ్యాటరీ అరిగేది అందరికీ. కాబట్టి క్యూఆర్ కోడ్ వెనక దాచకుండా, పెట్టె మీద ఎమ్మార్పీ పక్కనే బ్యాటరీ మార్పిడి ధరను, ఆ ధర ఎన్నేళ్లు కట్టుబడి ఉంటుందో అంకెల్లో అచ్చు వేయించాలి. రివ్యూలు రాసే మేమూ ఆ అంకె లేని ఫోన్‌కు బ్యాటరీ విభాగంలో మార్కులు వేయడం మానేస్తే, 7000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో వేసుకునే కంపెనీకి ఆ ధర కూడా వేయక తప్పదు.