గోల వెనక గొలుసు

పాటల యాప్‌కి నా మీద ఒక అభిప్రాయం ఉంది. వరసగా హార్డ్‌కోర్, అంటే పంక్‌లో మరీ వేగంగా, బిగ్గరగా సాగే రకం, వింటున్నానని తెలిస్తే చాలు, ఇంకా పెద్ద గొంతుతో అరిచేవాళ్లని తెచ్చి ముందు కూర్చోబెడుతుంది. డ్రమ్ముల వేగం, గిటారు గరగర కలిస్తే దాని లెక్కలో చుట్టరికం కలిసినట్టే. ఈ సంగీతంలో చుట్టరికాలు అలా కలవవు. రికార్డు ఎవరు వేశారు, ఎంతకి అమ్మారు, హాల్లోకి ఎవరిని రానిచ్చారు, ఇవి చూస్తేనే ఎవరికి ఎవరు ఏమవుతారో తెలుస్తుంది. అందుకని ఈ వారం నేను చెప్పబోయే ఆల్బమ్‌ల మధ్య చెవికి తగిలే పోలిక వెతక్కండి.

ఈ చుట్టరికాల గొలుసు ఒక కొస వాషింగ్టన్‌లో ఉంది. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు పాటల్ని రికార్డుగా వేయడానికి 1980లో ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ డిస్కార్డ్ అనే లేబుల్ పెట్టారు. అట్టలు తామే కత్తిరించి, మడిచి, జిగురు రాసి అంటించుకున్నారు. తర్వాత మెకాయ్ ఉన్న ఫుగాజీ బ్యాండు టికెట్టుని మామూలుగా 5 డాలర్ల దగ్గరే ఆపేది. ఏ వయసువాళ్లనైనా రానిచ్చే చోటే వాయించేది. టీషర్టులు అమ్ముకునేది కాదు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారని తెలిసినవాళ్లకి ఈ మొండితనం కొత్తగా ఉండదు. కవిత్వం ఎంత ఘాటుగా ఉందన్నది ఒక ఎత్తు, పుస్తకం ఎవరి చేతుల్లో తెరుచుకుందన్నది ఇంకో ఎత్తు.

ఫుగాజీ వాయించడం ఆపేసి ఇరవయ్యేళ్లు దాటింది. అందులో బేస్ వాయించిన జో లాలీ, డ్రమ్మర్ బ్రెండన్ కాంటీ మాత్రం ఖాళీగా లేరు. ఆంథొనీ పిరోగ్ అనే గిటారిస్టుతో కలిసి మెస్తెటిక్స్ పేరున వాయిస్తున్నారు. 2024లో సాక్సఫోన్ విద్వాంసుడు జేమ్స్ బ్రాండన్ లూయిస్‌ని కలుపుకుని ఒక ఆల్బమ్ చేశారు. వేసింది ఇంపల్స్ లేబుల్, అంటే జాన్ కోల్ట్రేన్ రికార్డులు వేసిన జాజ్ సంస్థ. ఇందులో మాటల్లేవు, అరుపుల్లేవు. యాప్ దీన్ని జాజ్ అరలో పెడుతుంది, ఆ మాటకొస్తే తప్పూ లేదు. కాకపోతే కాసేపు సాక్సఫోన్‌ని వదిలేసి బేస్ మీద చెవి పెట్టండి. లాలీ ఒక చిన్న ముక్క పట్టుకుని దాన్నే తిప్పితిప్పి వాయిస్తాడు, అలంకారాల జోలికి పోడు. లూయిస్ ఎంత పైకి వెళ్లినా కింద ఆ పట్టు సడలదు. ఫుగాజీ పాటల్ని నిలబెట్టింది కూడా ఆ పట్టే. కచేరీల్లో గాత్రం కన్నా మృదంగాన్నే ఎక్కువ పట్టించుకునే రసికులు కొందరుంటారు. వాళ్లకి పంక్‌లోకి ఇంతకంటే మంచి గుమ్మం నాకు కనబడలేదు.

సిండీ లీ సంగతి ఇంకా విచిత్రం. కెనడాకి చెందిన పాట్రిక్ ఫ్లెగెల్ ఆ పేరుతో, ఆడవేషంలో పాడతారు. 2024లో వచ్చిన ‘డైమండ్ జూబిలీ’లో 32 పాటలున్నాయి, మొత్తం రెండు గంటలు. వింటుంటే 1960ల నాటి అమ్మాయిల బృందగానం ఎక్కడో దూరపు రేడియో స్టేషన్ నుంచి కొట్టుకొచ్చినట్టు ఉంటుంది. హార్డ్‌కోర్ వాసన ఇసుమంతైనా లేదు. మరి ఈ వరసలో ఎందుకు పెట్టానంటే, వచ్చిన తీరు చూసి. స్ట్రీమింగ్ యాప్‌లకి ఇవ్వలేదు. మొదట్లో యూట్యూబ్‌లో ఒకే పొడుగాటి వీడియోగా, పాతకాలపు జియోసిటీస్ పేజీలో డౌన్‌లోడ్‌గా పెట్టారు. ఇవ్వగలిగితే 30 కెనడియన్ డాలర్లు ఇవ్వమన్నారు, లేకపోతే ఊరికే తీసుకోవచ్చు. అయినా ఆ ఏటి మేటి ఆల్బమ్‌ల జాబితాల్లోకి ఎక్కింది. రెండు గంటలూ ఒకే మనసుతో వినగలమా అంటే, నేను వినలేను. మధ్యలో టీ పెట్టుకోవాల్సిందే.

దీనికి పూర్తిగా అటువైపున టర్న్‌స్టైల్ ఉంది. బాల్టిమోర్ హార్డ్‌కోర్ బ్యాండు. వీళ్ల లేబుల్ రోడ్‌రన్నర్, అది పెద్ద కంపెనీ వార్నర్ వారిది. ఐదు డాలర్ల టికెట్టు భక్తులు ఇక్కడే మొహం చిట్లిస్తారు. అయితే 2025 మేలో, ‘నెవర్ ఎనఫ్’ ఆల్బమ్ రాకముందు, ఈ బ్యాండు తమ ఊరి పార్కులో ఉచితంగా వాయించింది. ఇళ్లు లేనివాళ్లకి వైద్యం చేసే సంస్థకి అక్కడ చందాలు పోగుచేసింది. కాబట్టి నా లెక్కలో వీళ్లు గొలుసు తెంపుకోలేదు. ఆల్బమ్‌లో జాజ్ కళాకారుడు షబాకా హచింగ్స్ వేణువు కూడా వినిపిస్తుంది. అరుపుల వెనకే వేణువు రావడం వినడానికి బాగానే ఉంది గానీ, మొత్తం మీద నడుమ కాస్త సాగింది. ఎవరికైనా మొదటిసారి వినిపించాలంటే నేను 2021 నాటి ‘గ్లో ఆన్’నే ఇస్తాను. 15 పాటలు, 35 నిమిషాలు, అనవసరమైన ముక్క లేదు.

కోపం కోపంగానే కావాలంటే ఎక్కువమంది నల్లజాతివాళ్లే ఉన్న ఫిలడెల్ఫియా బ్యాండు సోల్ గ్లో 2022లో వేసిన ‘డయాస్పొరా ప్రాబ్లమ్స్’ వినండి. సాహిత్యం పక్కన పెట్టుకుని వినాలి, లేకపోతే సగం జారిపోతుంది. లండన్ బ్యాండు హై విస్ 2024లో చేసిన ‘గైడెడ్ టూర్’లో ఒక పాట తిన్నగా డాన్సు ఫ్లోరు మీదికే వెళ్లిపోతుంది. అది నచ్చనివాళ్లతో నాకు పేచీ లేదు.

నచ్చినవి, బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో దొరికితే అక్కడే కొనండి. మామూలుగా డిజిటల్ అమ్మకంలో 15 శాతం ఆ సంస్థ ఉంచుకుంటుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన శుక్రవారాల్లో ఆ వాటా వదులుకుంటుంది. కొనుగోళ్లని ఆ రోజుకి దాచుకోవచ్చు.

ఇక ఇంట్లో పిల్లలుంటే లిండా లిండాస్. లాస్ ఏంజెలెస్‌లోని నలుగురు అమ్మాయిలు. చైనావాళ్లకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడని ఒక తోటి పిల్లాడు వీళ్ల డ్రమ్మర్‌తో అన్నాడట. నేనూ చైనా మనిషినేనని ఆ పిల్ల అనగానే వెనక్కి జరిగాడట. దాని మీద పాట కట్టి 2021లో అక్కడి పబ్లిక్ లైబ్రరీలో, పుస్తకాల అరల మధ్య నిలబడి అరిచారు. అప్పటికి డ్రమ్మర్ వయసు పదేళ్లు. మన గ్రంథాలయాల్లో అయితే ‘నిశ్శబ్దం’ బోర్డు ఊడి కిందపడేది. 2024లో వచ్చిన ‘నో ఆబ్లిగేషన్’ నాటికి వాయించడం బాగా గట్టిపడింది. అందులో ఒక పాటకి పేరడీ పాటల వియర్డ్ ఆల్ యాంకోవిక్ అకార్డియన్ వాయించాడు. గిటారు క్లాసు మానేస్తానని మారాం చేస్తున్న పిల్లలకి ముందు లైబ్రరీ వీడియో చూపించండి, ఆల్బమ్ తర్వాత. పక్కింటివాళ్లకి మాత్రం ఒక మాట ముందే చెప్పి ఉంచండి.