వెలకు వచ్చు విరహము

క్రొత్త సాధన మేదైనను మన యిండ్లకు వచ్చినపుడు మొదట దానిని వెడలగొట్టుట, పిదప చాటుగా ననుభవించుట, తుట్టతుదకు దానిని గూర్చి విచారించుట మన కలవాటైనది. నవలలు ఆడుపిల్లల చేతికి వచ్చిననాడు పెద్దలిట్లే చేసిరి. చలనచిత్రముల విషయమునను ఇట్లే జరిగినది. విచారణ ముందును, తీర్పు తరువాతను ఉండవలెనని బడిలో బోధించు నేనును నా యింట ఈ క్రమమును దలక్రిందులు చేసితిని. కావున ఈ విమర్శ కొంతవఱకు నా తొందరపాటునకు ప్రాయశ్చిత్తమని చదువరులు గ్రహింతురు గాక.

గడచిన వేసవిలో ఒకనాడు తెల్లవాఱుజామున మూడుగంటలవేళ మా పెద్దమ్మాయి గదిలో వెలుతురు గనబడినది. ఆమెకు పందొమ్మిదేండ్లు, కళాశాలలో చదువుచున్నది. ఫోను చేతబట్టుకొని, ఎవరికో బదులు పంపుచు, తనలో తాను నవ్వుకొనుచుండెను. నేను కారణ మడుగలేదు, ఫోను లాగికొంటిని. మఱునాడుదయమున ఆమె యేడ్వలేదు, కోపపడనులేదు. "నాన్నగారూ, అవతల మనిషెవరూ లేరు. అదొక ఆట. పుస్తకం చదవకుండా తీర్పు చెప్పొద్దని మీరే కదా మాకు నేర్పారు? పదకొండు రోజులు మీరూ ఆడండి. తరవాత తిట్టండి" అని మాత్రమనెను. ఈ మాటకు బదులు చెప్పుట నాకు సాధ్యము గాలేదు. ఆడితిని.

ఆ యాట పేరు ‘మిస్టిక్ మెసెంజర్’. దక్షిణ కొరియాకు చెందిన చెరిట్జ్ అను సంస్థ దీనిని 2016లో వెలువరించినది. ఆడువారిని నాయికాస్థానమున నిలిపి ప్రణయకథ నడపించు ఆటలకు జపాను దేశమున ‘ఓటోమే’ ఆటలని పేరు. 1994లో కోయీ సంస్థయందలి స్త్రీల బృందము నిర్మించిన ‘ఆంజెలీక్’ ఈ జాతికి మొదటిదిగా నెన్నబడుచున్నది. ‘మిస్టిక్ మెసెంజర్’ ఆ వంశములోనిదే గాని, ఇందు రంగస్థలము వేఱు. మన చేతిలోని ఫోనే యిందు రంగస్థలము.

కథ యిట్లు మొదలగును. పేరు తెలియని యొకడు సందేశము పంపి నాయికను ఒక ఖాళీ యింటికి రప్పించును. అందుండి ఆమె కొందఱు స్నేహితులు మాటలాడుకొను చాట్ గదిలో ప్రవేశించును. మరణించినదని తలంపబడుచున్న రీకా అను స్త్రీ నెలకొల్పిన దానసంఘమువారు వారు. విందులు జరిపి ధర్మకార్యములకు ధనము కూర్చుట వారి పని. ఇకమీదట అతిథులను పిలుచు భారము నాయికదే. పదునొకండవనాడు విందు. రంగస్థలనటుడు జెన్, విద్యార్థి యూసంగ్, గొప్ప వ్యాపారసంస్థ వారసుడు జూమిన్, అతని కార్యదర్శిని జేహీ, కంప్యూటరు రహస్యములను ఛేదించు 707 అను మాఱుపేరువాడు, ఈ యైదుగురిలో నాయిక యెవరికి చేరువగునో, ఐదవనాటినుండి కథ వారి త్రోవ బట్టును.

ఉత్తరములతో ప్రణయకథ నడుపుట క్రొత్త గాదు. ఇంగ్లీషున రిచర్డ్‌సన్ 1740లో ‘పామెలా’ను లేఖలతోనే నిర్మించెను. కాని యందు మనము ఒరుల యుత్తరములను చాటుగా చదువుదుము. ఇందు ఉత్తరము మన పేరనే వచ్చును. పైగా కావ్యములలో ఆఱునెలల యెడబాటు ఒక్క శ్లోకపాదమున గడచిపోవును. ఇందు కాలము మన యింటి గోడగడియారముతో సమానముగా నడచును. ఉదయమున నొక చాట్ తెఱచుకొనును, మధ్యాహ్నమున నొకటి, అర్ధరాత్రము దాటినపిదప నింకొకటి. నడుమనడుమ ఫోను మ్రోగును. ఎత్తినచో నటుని కంఠము వినబడును. వ్రాత ఇంగ్లీషు, కంఠము కొరియా భాష. నాకా భాషలో నొక్క ముక్కయు రాదు. అయినను అలసట యేదో, పరిహాస మేదో, దాచుకొన్న దుఃఖ మేదో కంఠపు విఱుపులవలననే తెలిసిపోవుచుండెను. మన యాలంకారికులు కాకువని చెప్పినది ఎంత నిజమో, నేను దానిని ఇరువదేండ్లు బోధించిన పిమ్మట, అర్థము తెలియని భాషలో గ్రహించితిని.

ఈ యాట నిజముగా సాధించినది ఎదురుచూపును. విప్రలంభమునకు విభావములుగా మన కవులు వెన్నెలను, కోకిలను, మలయమారుతమును జెప్పిరి. ఈ కాలపు విరహమునకు విభావములు వేఱు: వెలుగని తెఱ, మ్రోగని ఫోను, తానెత్తనందున ఆగిపోయిన పిలుపు. ఎన్నడును చూడని మనిషితో ఫోనుద్వారా పరిచయము పెంచుకొను నేటి యువతీయువకుల హృదయస్థితి యంతయు ఈ మూడింటిలో నిమిడియున్నది. పరీక్షాపత్రములు దిద్దుచు మూడవనాడే నేను మాటిమాటికి ఫోనువైపు చూచుచుంటిని. దినమున నొక చాట్ తప్పినది. తప్పినదానిని తరువాత చదువవచ్చును గాని అందు మన మాట యుండదు. నేను లేకుండనే వారు నవ్వుకొనిరి, నన్ను గూర్చి యొకరు అడిగిరి, పిదప వెడలిపోయిరి. నలువదియాఱేండ్ల యుపాధ్యాయుడను, కల్పితవ్యక్తుల సంభాషణలో నా చోటు ఖాళీగా నుండుట చూచి చిన్నబోతినని యొప్పుకొనుటకు సిగ్గుపడను. ఆ చిన్నబోవుటను గల్పించుట కళయే.

ఇంకొక గుణము గలదు. ఇందలివారు మాటిమాటికి ‘భోజనమైనదా?’ యని యడుగుదురు. కొరియావారి యాచారము కాబోలు. మన యాచారమును అదియే. ఐదుగురు మనుష్యులు ఒక యాడుపిల్ల యేమి చెప్పునాయని ఆగి వినుచుందురు. మన పెండ్లిచూపులను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిననాటినుండి మన మెంతో దూరము వచ్చితిమని చెప్పుకొనుచున్నాము. నిజమే. అయినను నేటికిని చదువుకొన్న యిండ్లలోనే, పళ్లెము పట్టుకొని వచ్చిన పిల్లను నాలుగు ప్రశ్న లడిగి, ఆమె ప్రశ్నలను పెద్దలే యడిగినట్లు భావించి లేచిపోవువా రెందఱో! అట్టి యింటి పిల్లకు, తన బదులుకై లోకము ఆగు నొక చోటు, కల్పితమైనను, రుచించుటలో వింత యేమి? ఆమె రుచిని నిందించుటకు ముందు మన యింటి నిశ్శబ్దమును నిందించుకొనవలెను.

ఇక దోషములు. మొదటిది, నాయిక మాటలాడును గాని వాక్యము ఆమెది గాదు. ప్రతి సందర్భమునను రెండు మూడు బదులులు వ్రాసి యుంచబడును, అందొకటి యెన్నుకొనవలెను. ఎదుటివానికి నచ్చినచో హృదయచిహ్న మొకటి పైకి తేలును. నచ్చనిచో పగిలిన హృదయము కనబడును. రెండుదినములలో ఆట నేర్చినవాడు నిజమాడుట మాని, నచ్చునట్లాడుట నేర్చుకొనును. ఇచ్చకమునకును ఇష్టమునకును ఈ తూనిక భేద మెఱుగదు. మా పిల్లను నేనడిగితిని: "నీకు తోచినది చెప్పితివా, అతనికి నచ్చునది చెప్పితివా?" ఆమె కొంతసే పాలోచించి, "మొదట నాకు తోచింది. తరవాత అతనికి నచ్చేది" అనెను. ఎన్ని సంసారముల చరిత్రము ఆ రెండు వాక్యములలో నున్నది!

రెండవది మొదటిదానికన్న పెద్దది. ఆట యూరకయే దొరకును. కాని తప్పిన చాట్‌లో మఱల ప్రవేశించి మన మాట చేర్చవలెనన్న ఇసుక గడియారములను వ్యయము చేయవలెను. అవి ఆటలో నెప్పుడో యొకటి దొరకును. చాలనిచో ధనమిచ్చి కొనవలెను. అనేక సంభాషణలు తప్పినవారికి కథ చెడ్డముగింపు చూపును. అనగా మొదట మనకు ఎదురుచూపు నేర్పి, తప్పిపోయిన దుఃఖమును రుచి చూపి, పిమ్మట ఆ దుఃఖమునకు మందు అమ్ముట.

వ్యాపారమున నిది క్రొత్త గాదని యనవచ్చును. నా యాక్షేపణ వ్యాపారముపై గాదు, కావ్యసత్యముపై. శాకుంతల నాల్గవ యంకమును తలంపుడు. వాకిట దుర్వాసుడు పిలుచును. మనస్సు వేఱొకచోట నున్న శకుంతలకు ఆ పిలుపు వినబడదు. ఒక్క పిలుపు తప్పినది, శాపము తగిలినది. పిదప ఉంగరము దొరకినది, రాజునకు జ్ఞప్తి వచ్చినది, దంపతులు కలిసికొనిరి. కాని నడుమ గడచిన యేండ్లను ఉంగరము తిరిగి యిచ్చినదా? తండ్రి చూడకయే కొడుకు సింహపుపిల్లతో ఆడుకొను వయసువా డయ్యెను. పశ్చాత్తాపము పునస్సమాగమమును దేగలదు, గడియను దేలేదు. కాళిదాసుని నాటకమునందలి బరువంతయు ఇందే యున్నది. ‘మిస్టిక్ మెసెంజర్’ ఈ సత్యమును సగముదూరము చెప్పి, వెల దొరకినంతనే దానిని కాదనును. కొనదగిన గడియకు విరహ మెక్కడిది?

అభినవగుప్తుడు రసాస్వాదమునకు విఘ్నములను లెక్కించుచు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలోనే వివశుడగుటను ఒక విఘ్నముగా జెప్పెను. ‘ఇది నాది’ యను పట్టు వదలిననాడే భావము రసమగును. ఈ యాట ‘ఇది నీదే’ యని యడుగడుగున చెవిలో జెప్పును. కావున నిందు అనుభవము తీవ్రమగును గాని నిర్మలము గాదు. నవల మూసినవానికి మిగులు శాంతి ఇందు మిగులదు. తరువాతి చాట్ ఎప్పుడో యను కలత మిగులును. తమాషా యేమనగా, యూసంగ్ పాత్ర కంప్యూటరు ఆటకు బానిసయై చదువు చెఱుపుకొనుచున్నాడని తక్కినవారందఱు మందలింతురు. మనలను తెల్లవాఱుజామున లేపి యీ నీతి చెప్పుటలోని హాస్యము కర్తలకు తెలియునో తెలియదో!

జూమిన్ త్రోవను మా యమ్మాయి నడచినది. అతడు ధనవంతుడు, ఒంటరి. ప్రేమ కలిగినంతనే నాయికను తన భవనము వీడనీయడు. రక్షణ యను పేరుతో నిర్బంధము! చెడ్డముగింపులలో ఈ నిర్బంధమే శాశ్వతమగుట ఆట చూపును, అంతవఱకు మేలే. కాని యాతని కంఠమాధుర్యమును, వైభవమును, గాయపడిన బాల్యమును అంత యందముగా నమర్చినపిమ్మట, తలుపు తాళమును పిల్లలు ప్రేమకు గుర్తుగా జూడరా? మన పాతివ్రత్యకథలలో సగము ఈ తాళమునే బంగారుపూతతో చూపినవి. దానిని క్రొత్త ఫోనులో మఱల చూచుటకు నాకు మనసొప్పలేదు.

నా ప్రత్యుత్తరముల స్వభావమువలన నేను జేహీ త్రోవను బడితిని. ఆటయం దుత్తమభాగ మిదియే. యజమాని పనులలో నలిగిపోవు ఉద్యోగిని యామె. నిద్ర లేదు, తనకంటూ ఒక గడియ లేదు. ఈ త్రోవలో ప్రణయము లేదు, స్నేహము గలదు. తుదకామె కొలువు విడిచి, నాయికతో గలిసి కాఫీదుకాణము పెట్టుకొనును. అందఱి మనస్సులను గెలుచుటయే ధ్యేయమైన యాటలో, ఒక స్త్రీ తన కాలమును తాను గెలుచుకొను కథ! కర్తలు దీనిని ప్రక్కత్రోవగా నుంచిరి. నా మతమున నిది రాజమార్గము కావలసినది.

ఇట్టి యాట వేఱువిధమున నుండజాలదా యని యడుగువారికి ‘ఫ్లోరెన్స్’ను జూపుదును. మెల్‌బోర్న్ నగరమునందలి మౌంటెన్స్ సంస్థలో కెన్ వాంగ్ నాయకత్వమున రూపొందిన ఈ ఫోను ఆట 2018లో వెలువడినది. ఫ్లోరెన్స్ అను యువతికిని, సెల్లో వాయించు భారతీయమూలముగల క్రిష్ అను యువకునకును నడచిన ప్రేమకథ యిది. అరగంటలో ముగియును. మొదటి పరిచయమున మాట యనేకఖండములుగా నుండును. వానిని మనము కూర్చవలెను. చనువు పెరిగినకొలది ఖండములు తగ్గును. కలహమున వాని యంచులు వాడి యగును. కాపురము పెట్టునాడు అతని వస్తువులకు అరలలో చోటు చూపిన చేతులతోనే, ఎడబాటునాడు వానిని పెట్టెలో సర్దవలెను. ఒకమాఱు వెల యిచ్చిన చాలును. విడిపోయిన గడియకు మఱల వెల లేదు. పోయినది పోయినట్లే యుండును, ఫ్లోరెన్స్ బ్రదుకు ముందునకు సాగును. ఈ యరగంట నా పదునొకండు దినములకన్న ఎక్కువకాలము మనస్సున నిలిచినది.

కావున నా తీర్పిది. ‘మిస్టిక్ మెసెంజర్’ నేటి ప్రణయమునందలి ఎదురుచూపును యథార్థముగా పట్టుకొన్న రచన. పట్టుకొన్నదానిని అంగడిలో బెట్టిన రచన. దీనిని పిల్లల చేతినుండి లాగికొనుటవలన ప్రయోజనము లేదు. నేను లాగి చూచితిని. ఆడనిచ్చి, పిమ్మట అడుగవలెను: ఆ మాట నీదేనా? ఆ తాళము నీకు నచ్చినదా? తప్పిన గడియ కొనినపుడు నీకేమి దొరకినది? ఈ ప్రశ్నలకు బదులు వెదకిన పిల్ల రేపు నిజమైన యువకుని సందేశమునకు బదులు వ్రాయునపుడు మోసపోదు. పెండ్లిచూపులలో తన ప్రశ్న తానే యడుగును.

ఆట ముగిసిననాటి రాత్రి నేను ఫోను తిరిగి యిచ్చుచు మా యమ్మాయిని "అన్నం తిన్నావా?" అని యడిగితిని. ఆమె నవ్వి, "ఇది ఆటలో మాట, నాన్నగారూ" అనెను. ఆ మాట మన యింటిదని ఆమెకు తోచకపోవుటకు బాధ్యులు కొరియావారు కారు.