విత్తూ, నేలా

'పులి కడుపున చలిచీమ పుడుతుందా' అంటుంది మన భాష. ఆ నోటితోనే 'పండితపుత్రుడు పరమశుంఠ' అనీ అంటుంది. మన కథకులు మాత్రం మొదటి సామెతనే పట్టుకున్నారు. జమీందారు బిడ్డ గుడిసెలో పెరిగినా తెలివితో వెలగవలసిందే, రక్తం మాట్లాడవలసిందే! 1869లో ఇంగ్లండులో గాల్టన్ వంశప్రతిభపై రాసిన గ్రంథమూ ఇటువంటి కథే. న్యాయమూర్తుల కొడుకుల ప్రతిభను ఎంచాడు గాని, వారికి దక్కిన చదువునూ పలుకుబడినీ తేలికగా కొట్టివేశాడు.

తల్లిదండ్రుల తెలివికీ బిడ్డల తెలివికీ సంబంధం లేదని కాదు. కవలల పరిశోధనలు ఉందనే చెబుతున్నాయి. కాని పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పొలాలు చూడండి: నల్లరేగడీ, ఎర్రనేలా రెండూ ఉన్నాయి. ఒకే సంచిలోని కలగలుపు జొన్నవిత్తులను రెంటా చల్లితే, ఒక మడిలోని మొక్కల మధ్య తేడా విత్తుది కావచ్చు. రెండు మడుల మధ్య తేడా నేలది. 1970లో లెవాంటిన్ చూపిన తర్కం ఇదే. మనిషికి నేల అంటే గర్భిణి తిండి, ఉప్పులో అయోడిన్, సీసం సోకని ఇల్లు, అందులో ఒక పుస్తకం.

ఆ ప్రాంతంలోనే నక్కవాగు ఫ్యాక్టరీల వ్యర్థాలను మోసింది. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఒడ్డున బడి మానిన కూలివాని బిడ్డను 'తండ్రికి తగ్గ కొడుకు' అని రాసే కథకుడు, ఆ తండ్రికి బడి ఎందుకు అందలేదో ఒక్క పేజీలోనైనా రాయడేం?