‘షెంగ్‌న్యూ’ శబ్దవిచారము

చీనాదేశమునందు విద్యాధికలై, తమ జీవనమును దామే సంపాదించుకొనుచు, ఇరువదియేడేండ్లు దాటియు వివాహము చేసికొనని స్త్రీలకు ‘షెంగ్‌న్యూ’ యని పేరు. ‘న్యూ’ యనగా స్త్రీ. ‘షెంగ్’ అనగా మిగులుట. భోజనానంతరము పాత్రలో మిగిలిన యన్నమును ఆ భాషలో ‘షెంగ్‌ఫాన్’ అందురు. ఆ షెంగే యీ షెంగు. వీధిలో బుట్టి వీధిలోనే యణగిపోవు పరిహాసపదములు ప్రతిభాషయందును గలవు. వానికై పండితులు లేఖిని బట్టనక్కఱ లేదు. ఇది యట్టిది గాదు. 2007వ సంవత్సరమున చీనా విద్యామంత్రిత్వశాఖవారు ప్రకటించిన 171 నూతనపదముల పట్టికలో దీనికి స్థానము లభించినది. లోకప్రయోగమును శాస్త్ర మనుసరింపవలెనని మనము శిష్యులకు బోధింతుము. కాని శాస్త్రస్థానమున ప్రభుత్వము కూర్చున్నపు డొక పదమును గ్రహించుట యనగా దానిని జనులమీద నిలుపుటయే యగును. ఆంగ్లమున దీనిని ‘లెఫ్టోవర్ విమెన్’ అని యనువదించిరి. ఆ పేరితోనే లీటా హాంగ్ ఫించర్ గారు 2014లో నొక గ్రంథమును బ్రకటించిరి.

తెనుగున దీని నెట్లు పలుకవలెను? ‘మిగులుకన్నె’ యన్నచో మాటకు మాట సరిపోవును. అన్నసంబంధము తెలియుటకు ‘ఉచ్ఛిష్ట’ యందమా, ఉచ్ఛిష్టము ఒకరు భుజింపగా మిగిలినది. ఈమె నెవ్వరును గ్రహింపలేదనుటయే కదా యాక్షేపము! కావున నది పొసగదు. పండితులకు వెంటనే తోచునది ‘శేషకన్య’. ఈ శేషశబ్దము దగ్గఱ గొంచె మాగవలెను.

పాణినీయమున శేషమనగా హీనమైనది గాదు. అంతకుముందు చెప్పబడినదానికంటె నన్యము శేషము. కారకములను జెప్పి, వానిలో జేరని సంబంధమునకు షష్ఠిని విధించుచోటను, అపత్యాద్యర్థములను ముగించి తక్కిన తద్ధితార్థములకు దారి తీయుచోటను ఆచార్యు డీ శబ్దమునే వాడెను. ‘ఇంతవఱకు నేను బేర్కొననిది’ యనుటయే దాని తాత్పర్యము. పేర్కొనకపోవుట చెప్పువాని క్రమమునకు జెందినది. వస్తువునకు దానివలన గొఱత రాదు. మీమాంసకుల శేషము వేఱు. అక్కడ పరార్థమైనది శేషము. అది యెవ్వనికొఱ కున్నదో యాతడు శేషి. వ్రీహులు యాగమునకు శేషములు. యాగమునకు బనికిరాని వ్రీహిని గూర్చి యా శాస్త్రమున జెప్పవలసినదేమియు లేదు.

నా పక్షమిది. ‘షెంగ్‌న్యూ’ శబ్దము పైకి వైయాకరణుల శేషమువలె గనబడుచు, లోన మీమాంసకుల శేషమును దాచుకొన్నది. ‘ఈమె మిగిలిపోయినది’ అని వాచ్యము. ‘ఈమె పరులకొఱ కున్నది, ఆ పని యింకను జేయలేదు’ అని తాత్పర్యము. వాచ్య మసత్యమైనను పదము బ్రతికియుండుట యీ తాత్పర్యముచేతనే.

వాచ్య మసత్యమని యెట్లు? చీనాదేశపు 2020వ సంవత్సరపు జనగణనమున పురుషులు 72 కోట్ల 33 లక్షలు, స్త్రీలు 68 కోట్ల 84 లక్షలు. పురుషులే సుమారు 3 కోట్ల 49 లక్షలమంది యధికులు. 1980 ప్రాంతమున నారంభమై 2015 వఱకు సాగిన యేకసంతాననియమమును, మగబిడ్డపై మక్కువయు గలిసి యీ వైషమ్యమును దెచ్చినవి. 2010లో నూర్గురు బాలికలు పుట్టిన, బాలురు సుమారు 118 మంది పుట్టిరి. 2020లో నా సంఖ్య 111కు దిగినది. లెక్కకు మిగులువాడు పురుషుడు, అందును బేదపల్లెలవాడు. వానికిని ఆ భాషలో ‘గ్వాంగ్‌గున్’ అను పేరున్నది. బోడికఱ్ఱ యని మాటకు మాట యర్థము. అది పాతమాట. రాజశాసనమువంటి పట్టికతో 2007లో నెదురేగి తెచ్చినది మాత్రము పట్టణమందు జదువుకొన్న స్త్రీ పేరు. మిగులు వారొకరు, ‘మిగులు’ పేరు మఱియొకరిది!

ఇట్లనవచ్చును: ‘దేశమున జనసంఖ్య తగ్గుచున్నది, వివాహములు తగ్గినవి, ప్రభుత్వము చింతింపదా?’ తగ్గుట నిజమే. 2013లో 1 కోటి 34 లక్షలకు మించిన వివాహములు నమోదుకాగా, 2024లో 61 లక్షలే యయినవి. 2022 మొదలు జనసంఖ్యయు దిగుచున్నది. కాని యీ పదము పట్టిక కెక్కిన 2007లో రెండవబిడ్డను గనుట దేశమున బెక్కుమందికి నిషిద్ధము. ఒకచేత బిడ్డలను వలదనుచు, వేఱొకచేత పెండ్లాడని స్త్రీని వెక్కిరించినవారికి జనసంఖ్యయే హేతువని చెప్ప నెట్లు పొసగును? హేతువు పిమ్మట వచ్చినది. నింద ముందే యున్నది. కమ్యూనిస్టుపక్షపు పోషణలో నున్న యఖిలచీనా మహిళాసమాఖ్య 2011లో, మహిళాదినోత్సవమైన కొలదిదినములకే వెలువరించిన వ్యాసమున, పైచదువులకై కాలము గడపు స్త్రీలను వన్నె తఱిగి పచ్చబాఱిన ముత్యములతో బోల్చిరి. స్త్రీల మేలునకు స్థాపింపబడిన సంస్థ వాడిన యుపమ యిది. ఉపమానౌచిత్యమును గూర్చి మన యాలంకారికులు వ్రాసినదంతయు నిచ్చట స్మరింపదగును: ముత్యమును ధరించువాడు వేఱొకడు, ఉపమానమే పరార్థతను జాటుచున్నది. 2023 అక్టోబరులో దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆ సమాఖ్యయొక్క నూతననాయకులతో మాటలాడుచు, వివాహసంతానముల విషయమున నూతనసంస్కృతిని బెంపొందింపవలెనని చెప్పెను. ఈ తెఱగు చీనాకు మాత్రమే చెందినది గాదు. సింగపూరున 1983లో ప్రధానమంత్రి లీ క్వాన్ యూ పట్టభద్రులైన స్త్రీలు పెండ్లాడకుండుటను జాతీయదినోపన్యాసమున నాక్షేపింపగా, 1984లో పట్టభద్రులను జతపఱచుటకు బ్రభుత్వశాఖయే యొకటి యేర్పడినది.

కుటుంబమువారి నిర్బంధము దీనికంటె మెత్తనిది. అందుచేతనే దానిని ద్రోయుట కష్టము. షాంఘై నగరమందలి పీపుల్స్ పార్కున వారాంతములందు తల్లిదండ్రులు గొడుగులు తెఱచి నేలనుంచి, వానికి గాగితములు తగిలించి కూర్చుందురు. వయస్సు, పొడవు, చదువు, జీతము, ఇల్లు అందు వ్రాయబడియుండును. పిల్ల సాధారణముగా నచ్చట నుండదు. వీరిని నిందింప నాకు మనసొప్పదు. సంతతి లేకుండుట పితృద్రోహములలో నెల్ల బెద్దదని మెన్షియసు కాలమునుండి వినుచున్నవారు వారు. మన పితృఋణమువంటిదే యది. అయినను ఫించర్ గారు చూపిన ఫలితమును మఱువరాదు. మిగిలిపోదునేమో యను భయమున ద్వరపడిన వధువు, తన ధనమును గూడ జేర్చి కొన్న యింటిని వరుని పేర నుండనిచ్చును. పత్ర మెవరి పేర నున్నదో, వివాహమునకు ముందు ధన మెవ్వరు చెల్లించిరో చూచి యిల్లు వారిదే యనుటకు దారితీసిన న్యాయవ్యాఖ్యను చీనా సర్వోన్నతన్యాయస్థానము 2011లో వెలువరించినది. ఒక పదము స్త్రీచేతినుండి యిల్లు జాఱునట్లు చేయగలదని శబ్దశక్తివాదులు కూడ నూహించియుండరు.

ఆ భాషలోని శ్లేషను జెప్పక విడువజాలను. మిగులుట, జయము, సిద్ధపురుషుడు: ఈ మూడర్థముల ‘షెంగ్’ శబ్దములకు నుచ్చారణ మొక్కటే, లిపులు వేఱు. మన ధాన్యకటకమును జూచిపోయిన హ్యూయెన్‌త్సాంగు యాత్రను గథగా నల్లిన ‘పశ్చిమయాత్ర’ యందు వానరవీరుడు తన్ను దాను ‘ఆకాశసముడగు మహాసిద్ధుడ’నని బిరుదు చెప్పుకొనును. సిద్ధుని దీసి శేషమును బెట్టి, ముప్పదియైదేండ్లు దాటిన యవివాహితకు ‘ఆకాశసమమగు మహాశేషము’ అని పేరిడిరి. హాస్యము హాస్యమే, చమత్కారము లేదనను. కాని స్త్రీలును శ్లేష నెఱుగుదురు. అదే ధ్వనిని జయార్థమున వ్రాసి, ‘మేము జయించిన స్త్రీలము’ అనిరి. చెవికి భేదము లేదు. కంటికి మాత్రమే భేదము.

కొరియావారి మార్గము నాకింకను నచ్చినది, అది నఞర్థవిచారము. ఆ భాషలో అవివాహితకు బ్రభుత్వగణాంకములలో వాడు పదము ‘మిహోన్’. ‘మి’ యనగా ‘ఇంకను లేదు’. ఇది ప్రాగభావము: ఘటము పుట్టకముందు మృత్తికలో నున్న యభావమువంటిది, ప్రతియోగి పుట్టుటతోనే నశింపవలసినది. అనగా నామెకు వివాహము జరుగవలసియే యున్నదని పదమే నిర్ణయించుచున్నది. దీనిని విడిచి, వివాహము వలదనుకొన్న స్త్రీలు ‘బిహోన్’ అను మాటను బ్రచారమునకు దెచ్చిరి. ‘బి’ యనగా ‘కాదు’. ఇందు రాబోవు ప్రతియోగికై నిరీక్షణము లేదు. ఒక్క యక్షరము మార్చి ప్రాగభావమునుండి బయటపడిరి. ఆ దేశపు ప్రభుత్వమే 2016 డిసెంబరులో, ఏ ప్రాంతమున ప్రసవయోగ్యవయస్కలు ఎందఱున్నారో చూపు పటమును బ్రకటించి, స్త్రీల యాగ్రహము చూచి యుపసంహరించినది. వ్రీహులను గొలిచినట్లు కొలిచిరన్నమాట.

మనవారేమనిరి? కుమారీశబ్దమున స్త్రీప్రత్యయమునకు సూత్రకారుడు ప్రథమవయస్సును నిమిత్తముగా జెప్పెను. అట్లయ్యును భాష్యకారుడు ‘వృద్ధకుమారి’ని మనయెదుట నిలిపెను. ఇంద్రుడు వరము కోరుమనగా, తన కొడుకులు కంచుపాత్రలో నేతితో బాలతో నన్నము దినవలెనని యొక్కవాక్యమున గోరి, పతిని బుత్రులను గోవులను ధాన్యమును సాధించినది. పతి మాట నోటనైన నెత్తలేదు, ఆక్షేపముచేత వచ్చినాడు! పతంజలి యామె నేర్పును నిదర్శనముగా గ్రహించెనేగాని యామెను మిగిలినదానిగా జూడలేదు. ఇంతమాత్రమున మన యిల్లు నిర్దోషమని నేననను. శల్యపర్వమున కుణిగర్గుని కూతురు వార్ధకమువఱకు దపమొనర్పగా, వివాహసంస్కారము లేనిదానికి లోకములు లేవని నారదుడు వచ్చి చెప్పెను. ఆమె తపస్సులో సగ మిచ్చి యొక వరుని సంపాదించి, యొక్కరాత్రి కాపురము చేసి దేహము విడిచినది. ఆ సగము తపస్సు ఎవరికొఱకు? సకాలమున గన్యాదానము చేయని తండ్రి నిందార్హుడని మనువు. గుణహీనున కిచ్చుటకంటె మరణమువఱకు నింటనుండనిచ్చుట మేలనియు నాతడే. మన తల్లులు మాత్రము పెండ్లికాని కూతురు ‘గుండెలమీద కుంపటి’ యందురు. ఆ కుంపటి యెవరి గుండెలమీద నున్నదో కూడ గమనింపదగును.

కావున శేషకన్యాదిపదములు తెనుగున గూడవు. శేషమన్నచో మీమాంసకుని యర్థము వెంట వచ్చును. నిఘంటుకర్తలు ‘షెంగ్‌న్యూ’ యను పదమును దేశ్యమువలె నున్నదున్నట్లే యుంచి, ‘చీనాదేశమున అవివాహితను నిందించు పదము, నిందార్థమున మాత్రమే’ యని వివరణము వ్రాయుట యుక్తము. మన ‘అవివాహిత’ శబ్దమున నఞర్థము సందిగ్ధము. ప్రాగభావమును జెప్పుచున్నదో కేవలభేదమునో తెలియదు. ‘పెండ్లి కాని’ యన్నచో బెండ్లి కర్త, ఆమె యధికరణమాత్రము. ‘పెండ్లాడని’ యన్నచో నామె కర్త్రి. కొరియావారి ‘బి’వలె నిరీక్షణమును దెలుపని మాట మన పల్లెలందు వాడుకలో నున్నచో, ఆ ప్రాంతపు పండితులు సోదాహరణముగా బత్రికకు దెలుపగలరని కోరుచున్నాను.