వేపథువు, వణుకు, లయ: కంపాన్ని చదివే పద్ధతిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్యవ్యవహారంలో శరీరకంపం ప్రధానంగా మనోభావానికి గుర్తు. ఆధునిక నాడీశాస్త్రంలో అది మెదడులోని లయలకు సంబంధించిన విషయం. ఈ రెండు దృష్టుల నడుమ ‘వణుకు’ అనే ఒక్కమాట ఏ భేదాలను కలిపివేస్తున్నదో, ఆ భేదాలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు చేతిపనివారి జీవితంలో ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కంపరోగాల్లో లోపించేది లయ కాదని, లయకు ఉండవలసిన సడలింపు అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వేపథువు, సాత్త్వికభావాలు, వణుకు, లయ, పార్కిన్సన్స్ వ్యాధి, ఎసెన్షియల్ ట్రెమర్, బీడీ కార్మికులు

1. ఉపోద్ఘాతం

భరతుని నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయం సాత్త్వికభావాలను ఎనిమిదిగా లెక్కించింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనేవి అవి. వీటిలో వేపథువు అంటే వణుకు. చలి, భయం, హర్షం, రోషం, స్పర్శ, ముసలితనం మొదలైనవి దానికి కారణాలు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు మొదలుకొని ఈ నేలమీది ఆలంకారికులకు ఈ లెక్క పరిచితమే. తెలుగు కావ్యాల్లో నాయిక మేను కంపించినా, ఓడిన రాజు చేయి వణికినా పాఠకుడు తడుముకోకుండా దాని వెనుక భావాన్ని గుర్తించడానికి ఈ సంప్రదాయమే పునాది.

కావ్యపఠనంలో ఈ పద్ధతి సముచితం. అదే పద్ధతిని కావ్యం బయట, జబ్బుతో వణికే మనిషిపై ప్రయోగించినప్పుడు ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాసలక్ష్యం.

2. అనుభావంగా వణుకు

రసప్రక్రియలో సాత్త్వికభావం లోపలి భావాన్ని బయటికి తెలిపే గుర్తు. సహృదయుడు గుర్తును చూసి భావాన్ని ఊహిస్తాడు. లోకవ్యవహారం కూడా చాలావరకు ఇలాగే నడుస్తుంది. సంతకం పెడుతూ చేయి వణికితే తప్పు చేసినవాడని, చాయ్ గ్లాసు పట్టుకున్న చేయి వణికితే తాగినవాడని, జాతరలో ఒళ్లు ఊగితే శిగం వచ్చిందని చూసేవారు నిర్ణయిస్తారు. మూడింటా కంపం ఒక గుర్తే. దాని వెనుక ఏదో ఒక అర్థం ఉండి తీరాలన్నదే నమ్మకం.

ఉత్తర తెలంగాణలో ఈ నిర్ణయానికి మరొక ఆధారమూ ఉంది. కల్లులో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలపడం, అది హఠాత్తుగా అందకపోతే అలవాటుపడినవారు వణుకు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలుకావడం ఇక్కడివారికి తెలిసిన విషయం. 2015 సెప్టెంబరులో నిజామాబాదు జిల్లాలో ఇది పెద్దఎత్తున బయటపడింది. కాబట్టి వణికే చేతిని చూసి కల్లును తలచుకోవడం అకారణం కాదు. అయితే ఎసెన్షియల్ ట్రెమర్ అనే కంపరోగంలో జరిగేది ఇందుకు భిన్నం. ఆ వణుకు తాగుడు వల్ల వచ్చేది కాదు. పైగా చాలామందిలో కొద్దిపాటి మద్యం దానిని తాత్కాలికంగా తగ్గిస్తుంది కూడా. గుర్తు ఒకటే, కారణాలు వేరు. గుర్తునుంచి నేరుగా శీలాన్ని నిర్ణయించే చదువు ఇక్కడ రోగిపై నింద మోపుతుంది.

భావానికీ వణుకుకూ సంబంధమే లేదనడం కూడా సరికాదు. పదిమంది చూస్తున్నారన్న బెదురు కంపరోగాన్ని ఎక్కువ చేస్తుంది. భయం ఇక్కడ వణుకును పెంచుతుందే తప్ప పుట్టించదు. కారణాన్నీ ఉద్దీపనాన్నీ వేరుచేసి చూడగలిగిన అలంకారశాస్త్ర విద్యార్థికి ఈ తేడా కొత్తది కాదు.

3. తెలుగు మాటల్లోని భేదాలు

తెలుగులో కంపాన్ని చెప్పే మాటలకు కొదువ లేదు. పెదవి, కనురెప్ప అదురుతాయి. గొంతు కంపిస్తుంది. ఒళ్లు జలదరిస్తుంది. తల ఊగుతుంది. నడక తూలుతుంది, అడుగు తడబడుతుంది. చలికి గజగజ, భయానికి గడగడ వణుకుతారు. ఈ మాటలు కేవలం పర్యాయపదాలు కావు. అదురు చిన్నది, వేగమైనది. ఊగు పెద్దది, నెమ్మదైనది. వైద్యులు వేగం, విస్తృతి, అవయవం అనే కొలతలతో చేసే విభజనకు దగ్గరైన విభజనను వాడుకభాష ముందే చేసుకొని ఉంది.

ఆరోగ్యవ్యాసాలు ఈ సంపదను వాడుకోలేదు. పార్కిన్సన్స్‌ను ‘వణుకుడు వ్యాధి’ అనడంతో రెండు పొరపాట్లు స్థిరపడ్డాయి. మొదటిది, ఆ వ్యాధి ఉన్న అందరికీ వణుకు ఉండదు. కదలిక నెమ్మదించడం దాని ప్రధానలక్షణం, కండరాలు బిగుసుకోవడం మరొకటి. రెండవది, వణుకు ఉన్నవారిలో ఎక్కువమందిది పార్కిన్సన్స్ కాదు. దానికంటే ఎసెన్షియల్ ట్రెమర్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

రెండింటి తేడాను చేయి చూపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ఒడిలో ఊరక ఉన్న చేయి వణుకుతుంది, పనికి పూనుకోగానే సాధారణంగా తగ్గుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో ఊరక ఉన్న చేయి నిలకడగా ఉంటుంది, గ్లాసు ఎత్తబోతే వణుకుతుంది. మొదటివారి చేతిరాత పోనుపోను చిన్నదవుతుంది, రెండవవారి అక్షరాలు వంకరలు పోతాయి. ‘ఊరకున్నప్పటి వణుకు’, ‘పనిపట్టినప్పటి వణుకు’ అని రెండు తేట తెలుగు మాటలు వాడితే ఈ భేదం నిరక్షరాస్యులకు కూడా అందుతుంది. విశ్రాంతికంపం, చేష్టాకంపం వంటి కల్పనలకంటే ఇవే మేలు.

4. లయ తప్పడమా, లయకు చిక్కడమా?

కంపరోగంలో ‘మెదడు లయ తప్పింది’ అనడం పరిపాటి. వినసొంపుగా ఉన్నా ఈ మాట విషయాన్ని తలకిందులు చేస్తుంది. హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించిన మెదడు విద్యుల్లేఖనం నాటినుంచి, నాడీకణాల సమూహాలు లయబద్ధంగా స్పందిస్తాయని తెలుసు. సెకనుకు 13 నుంచి 30 ఆవృత్తుల మధ్య నడిచే లయను బీటా అంటారు. ఆరోగ్యవంతుడు చేయి కదపబోయేముందు చలనకేంద్రాల్లో ఈ లయ సన్నగిల్లుతుంది, కదలిక ముగిశాక తిరిగి పుంజుకొంటుంది. అంటే, లయ సడలినప్పుడే కదలికకు దారి దొరుకుతుంది.

పార్కిన్సన్స్‌లో ఈ సడలింపే కష్టమవుతుంది. మెదడు లోపలి సబ్‌థాలమిక్ కేంద్రకంలో బీటా మితిమీరి ఉంటుందని, లెవొడోపా మందుతో అది తగ్గుతుందని పీటర్ బ్రౌన్ బృందం 2001లో చూపించింది. అయితే ఈ బీటాకు ఎక్కువ సంబంధం నెమ్మదితనంతోను, బిగుసుకుపోవడంతోను. వణుకుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు కొట్టుకొనే వేరే లయ ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో చిన్నమెదడు, థాలమస్, మెదడు వల్కలం కలిసిన వలయం మరొక లయకు చిక్కుకొంటుంది. బీటా ఆధిక్యం కారణమా, తోడుగుర్తా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

కోలాటంతో పోల్చి చూడవచ్చు. కోలాటగాళ్లందరూ ఒకే దెబ్బను విడవకుండా కొడుతూ నిలబడిపోతే తాళం ఉంటుంది, ఆట ఉండదు. జతలు మారడానికి, తిరగడానికి కొందరు ఆగాలి, కొందరు సాగాలి. కంపరోగి నాడీకణాలు తాళం మరచినవి కావు, ఒకే తాళాన్ని వదలలేనివి. గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం 1987లో ప్రకటించిన, నేడు హైదరాబాదు నిమ్స్‌లోనూ చేస్తున్న డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చికిత్స ఈ దృష్టితో బాగా అర్థమవుతుంది. సెకనుకు సుమారు 130 విద్యుత్ స్పందనలు పంపి ఆ మొండిపట్టును చెదరగొట్టడం దాని పని.

5. బయటి తాళం

లయే చిక్కైనచోట లయే సాయపడడం విశేషం. 1996లో మైకేల్ థౌట్ బృందం పార్కిన్సన్స్ రోగులకు మూడు వారాలపాటు తాళం వినిపిస్తూ నడక సాధన చేయించగా నడకవేగం మెరుగుపడింది. లోపలినుంచి రాని ప్రేరణను చెవి బయటినుంచి అందిస్తుందన్నది వివరణ. చిరుతల రామాయణం ఆడే కరీంనగర్ ప్రాంతానికి తాళం పట్టి అడుగువేయడం తెలిసిన విద్య. అది చికిత్స అని చెప్పడానికి ఆధారం లేదు. కాని నడక సాధన నేర్పే ఫిజియోథెరపిస్టుకు ఇక్కడి రోగి ఎరిగిన తాళం పరాయి మెట్రోనోమ్ కంటే దగ్గరిది కాగలదు.

6. పేరు, పని, హక్కు

ఈ చర్చ పదాల ముచ్చటగా మిగలకపోవడానికి కారణం ఈ ప్రాంతపు పని. జగిత్యాల జిల్లా గొల్లపల్లి వంటి ఊళ్లలో, కోరుట్ల పరిసరాల్లో బీడీలు చుట్టడం స్త్రీలకు ప్రధానమైన ఆదాయాల్లో ఒకటి. తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, కొసలు మడవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. సిరిసిల్ల మరమగ్గంపై తెగిన పోగును అతకడం కూడా వేళ్ల నిలకడమీద ఆధారపడిన పనే. పనిపట్టినప్పటి వణుకు ఉన్నవారికి ఒడిలో చేయి నిలకడగానే ఉంటుంది, దారం పట్టగానే వణుకుతుంది. చూసేవారికి అది పనిదొంగ వేషంలా కనిపిస్తుంది. రోగలక్షణమే అబద్ధానికి సాక్ష్యమవుతుంది.

చట్టంలోనూ పేరుకు విలువ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది, ఎసెన్షియల్ ట్రెమర్ పేరు లేదు. సదరం శిబిరానికి తెచ్చిన చీటీలో ‘వణుకు’ అని మాత్రమే ఉంటే మొదటివారికి రావలసింది జాప్యమవుతుంది. రెండవవారి ఇబ్బంది చట్టానికి కనిపించనే కనిపించదు.

7. ముగింపు

వేపథువును భావసూచకంగా చదవడం తెలుగు కావ్యపరంపర ఇచ్చిన శక్తి. ఆ శక్తికి హద్దు ఉందని గుర్తించడం విమర్శ చేయవలసిన పని. రోగి వణుకు దేనినీ సూచించడానికి పుట్టింది కాదు. దానిని వ్యాఖ్యానించేముందు ఎప్పుడు, ఏ పనిలో, ఏ అవయవంలో అని అడగాలి. ‘లయ తప్పింది’ అన్న వర్ణనకు బదులు ‘లయకు చిక్కింది’ అనడం శాస్త్రానికి దగ్గరగా ఉంటుంది. వాడుకలోని అదురు, ఊగు, జలదరింపు వంటి మాటలను ఆరోగ్యరచనలోకి తెచ్చుకొంటే భేదాలు తెలుస్తాయి. ఆ భేదాలు తెలిస్తే బీడీ చాట ముందు కూర్చున్న స్త్రీ చేతిని భయంగానో మత్తుగానో కాక, వైద్యం అందవలసిన చేతిగా చూడడం సాధ్యమవుతుంది.